వచ్చేసారి ఎడమ చెయ్యి

ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఆ ఆసుపత్రిలో ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆవిడ నరాల సిస్టర్. క్యాన్సర్ మందు ఎక్కించుకుని అదే రోజు ఇంటికి వెళ్లిపోయే రోగుల కోసం ఆసుపత్రి వెనకవైపు ఒక పొడుగాటి గది ఉంది. ఆ గదిలో ఆవిడ పనికి చేరినప్పుడు కూతురు చంకలో ఉండేది, ఇప్పుడు ఆ పిల్ల స్కూటరు మీద కాలేజీకి పోతోంది. మందుల ధాటికి రోగుల నరాలు ఎండి, గట్టిపడి, చర్మం కింద ఎక్కడో నక్కి కూర్చుంటాయి. మిగతా సిస్టర్లు రెండుసార్లు పొడిచి, మూడోసారి పొడవడానికి మొహం చెల్లక, "అక్కా, ఒకసారి ఇటు రావా" అని పిలుస్తారు. ఈవిడ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటుంది. కళ్లజోడు నెత్తిమీదకి తోసి, వేలికొసతో చేతిని తడుముతూ ఇంటి సంగతులు అడుగుతుంది. రోగి కోడలి మీద చాడీలు మొదలుపెట్టేలోపే సూది లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

"ఊరందరికీ నరాలు వెతికిపెడుతుంది, ఇంటికొచ్చి నా నరాలు తెంపుతుంది" అని ఆవిడ మొగుడు వచ్చినవాళ్లకల్లా చెప్పి తనే నవ్వుకుంటాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ జోకు ఆయన బాగుచేసే లిఫ్టులకన్నా పాతది.

ఇన్నేళ్లలో ఆవిడకి ఒక జబ్బు పట్టుకుంది. మనిషి ఎదురైతే ముందు మొహం చూడదు, చేతులు చూస్తుంది. బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడ్డ ఎవడిదో ముంజేయి చూసి, ఎంత చక్కటి నరం, కళ్లు మూసుకుని పెట్టొచ్చు అనుకుంటుంది. కూరగాయలు తూచే ఆమె మణికట్టు చూస్తూ చిల్లర పుచ్చుకోవడం మర్చిపోతుంది. నవ్వొచ్చే సంగతే గానీ, ఆవిడ అలా చూస్తున్నది వాళ్లలో ఎవరికైనా ఏదో ఒకరోజు ఆ గదిలో కుర్చీ పడుతుందేమోనన్న భయంతో అని తెలిస్తే నవ్వు రాదు.

గదిలో వెనక్కి వాలే రెక్సిన్ కుర్చీలు రెండు వరసలుగా ఉంటాయి. కిటికీ పక్క కుర్చీకి చిరుగు పడితే ప్లాస్టరు అంటించారు, ఆ ప్లాస్టరు చిరిగితే దాని మీద ఇంకోటి. ఏసీ ఎప్పుడూ వణికిస్తూనే ఉంటుంది, తగ్గించే రిమోట్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. ఒకటి ఆగితే ఇంకోటి అన్నట్టు మందు పంపులు కూస్తుంటాయి. నరం పైకి తేలడానికి సిస్టర్లు రబ్బరు చేతితొడుగులో వేడినీళ్లు నింపి, మూతి ముడేసి, రోగి చేతిమీద పెడతారు. ఐదు వేళ్లతో ఉబ్బిన ఆ తొడుగుని చూస్తే ఇంకెవరో వాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. చాలామందికి ఆ పట్టుకునే చెయ్యి అదొక్కటే.

మందు ఎప్పుడూ ఒకే చేతికి ఎక్కిస్తే నరాలు పాడైపోతాయి. అందుకని ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. సీసా ఖాళీ అయ్యాక నరాల సిస్టర్ సూది తీసి, దూది అదిమి, ప్లాస్టరు వేసి, చేతిమీద ఒక్క తట్టు తట్టి, "వచ్చేసారి ఎడమ చెయ్యి" అనో "వచ్చేసారి కుడి చెయ్యి" అనో అనేది. రోగికి గుర్తుంటుందని మొదలుపెట్టిన మాట అది. పోనుపోను రోగులకి ఆ మాట మందులో భాగమైపోయింది. అది చెవిన పడితేగానీ కుర్చీలోంచి లేచేవాళ్లు కాదు. వచ్చేసారి అనేది ఒకటుందన్నమాట, దానికి తన చేతుల్లో ఒకదాన్ని అప్పుడే కేటాయించేశారన్నమాట! డాక్టర్లు శాతాల్లో చెప్తారు. శాతాన్ని పక్కలో పెట్టుకుని ఎవరికి నిద్రపడుతుంది?

ఆ మాట కోసం అందరికన్నా ఎక్కువ ఎదురుచూసేవాడు ఇస్త్రీ బాబాయ్. వీధి మలుపులో ఆయనకి ఇస్త్రీ దుకాణం ఉంది, దాని వెనకే కాపురం. కడుపులో క్యాన్సర్. మూడు వారాలకోసారి వస్తాడు, వెంట ఆయన భార్య వస్తుంది. ఆయన నోరు మూయడు, ఆవిడ నోరు తెరవదు. ఆయనకి ఎక్కించే మందుకి ఒక పాడు గుణం ఉంది. అది పడ్డాక చల్లటిది ఏది ముట్టుకున్నా చేతికి కరెంటు కొట్టినట్టు ఉంటుంది.

"ఈ మందు నాకోసమే కనిపెట్టారు సిస్టర్" అనేవాడు ఇస్త్రీ బాబాయ్. "చల్లనిది ముట్టుకోవద్దంటారు, నేనేమో పొద్దస్తమానం వేడిపెట్టె పట్టుకునే ఉంటాను."

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఏ చేతికి ఎక్కిస్తే ఆ చెయ్యి కొన్నాళ్లపాటు సలుపుతుంది. కుడిచేతి వంతు వచ్చినప్పుడల్లా ఆయన ఇస్త్రీపెట్టె ఎత్తలేకపోయేవాడు. బట్టలు మూటల్లోనే ఉండిపోయేవి.

"ఎడమచేతికి పనా పాటా సిస్టర్? ఎప్పుడూ దాన్నే పొడవండి."

"అదీ పాడైపోతే ఆ తర్వాత ఏం చేద్దామని? వంతంటే వంతే బాబాయ్."

"సరే, మీ ఇష్టం. కానీ మీ కోటు కాలరు ఇస్త్రీ ఎవరు చేశారు? నిద్రలో చేశారా ఏంటి?"

కాలరు ఆవిడే చేసుకుంది. వచ్చేసారి ఎడమ చెయ్యి అంటే ఆయనకి రెండు అర్థాలు. ఇంకోసారి ఉంది, ఆ సారి పని ఆగదు.

మందు ఎక్కుతున్నంతసేపూ ఆయన చెప్పిన కబుర్లలో అన్న గురించి ఒకటుంది. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ ఆయన వాడిన ఇత్తడి బొగ్గుల ఇస్త్రీపెట్టె కోసం తగువులాడుకున్నారు. అప్పటికే ఇద్దరి దగ్గరా కరెంటు పెట్టెలున్నాయి, దాంతో ఎవరికీ పనిలేదు. అయినా మాటా మాటా పెరిగి, అనకూడనివి అనుకుని, అన్న పెళ్లాం పిల్లలతో రైలెక్కి పగలంతా ప్రయాణం చేసేంత దూరంలో స్థిరపడ్డాడు. మళ్లీ మాటల్లేవు. పెట్టె తమ్ముడి అటకమీద ఉండిపోయింది. ఇప్పుడు ఆ అన్నకి తుంటి విరిగింది, మంచం దిగడు. చెవులు పూర్తిగా పోయాయి, ఫోనులో పలకరిద్దామన్నా లాభం లేదు.

"ఒకసారి వెళ్లి ఆ పెట్టె ఆయన చేతిలో పెట్టేసి రావాలి సిస్టర్" అనేవాడు. "పెడితే నా నెత్తిన విసిరికొడతాడేమో. కొట్టనీ. మంచం మీద ఉన్నాడుగా, గురి తప్పుతుంది."

ఒకరోజు కుడిచేతి వంతు వచ్చింది. సమయం కలిసొస్తుందని పొద్దున్నే సూది పెట్టి, దాంట్లోంచే రక్తం తీసి, రోగిని డాక్టరు దగ్గరికి పంపడం ఆ గదిలో పద్ధతి. డాక్టరు సరే అంటే తిరిగొచ్చి అదే సూదికి మందు తగిలించుకుంటారు. ఇస్త్రీ బాబాయ్ సూదితోనే పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లాడు. కాసేపటికి వార్డు ఫోను మోగింది.

"ఇస్త్రీ ఆయనకి ఆపేస్తున్నాం" అంది పెద్ద డాక్టరమ్మ. ఆవిడ గొంతు అలసిపోయి ఉంది. "కొత్త స్కాను బాలేదు, కాలేయమంతా పాకింది. ఇక మందు పనిచెయ్యదు. నొప్పికి మాత్రలు రాశాను. చూడాలనుకున్నవాళ్లని ఇప్పుడే చూసి రమ్మని మొగుడూ పెళ్లాలిద్దరికీ విడమర్చి చెప్పాను. సూది తీసేసి పంపించు."

నరాల సిస్టర్ ఫోను పెట్టేసింది. ఇలాంటి కబురు ఆవిడకి కొత్త కాదు.  అప్పుడే ఇంకో పంపు కూసింది, వెళ్లింది.

ఇస్త్రీ బాబాయ్ తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాడు. మాట్లాడింది ఆయన భార్య.

"ఎల్లుండి రైలుకి వెళ్తున్నామమ్మా, బావగారి దగ్గరికి. ఆ పెట్టె తోమి సంచిలో పెట్టాను. ఇన్నేళ్లకి ఈయన ఒప్పుకున్నాడు, మళ్లీ మనసు మారేలోపు తీసుకుపోవాలి."

"తప్పకుండా వెళ్లండి పిన్నీ" అంది నరాల సిస్టర్. మనస్ఫూర్తిగానే అంది. బాబాయ్ భార్య సంచి సర్దుకుంటూ, అటెండరుని ఆటో పిలవమనడానికి గుమ్మంలోకి వెళ్లింది.

నరాల సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది. వెంట్రుకలు లాగకుండా ప్లాస్టరు ఊడదీసి, నెమ్మదిగా సూది బయటికి లాగింది. దూది అదిమింది. వెనక కుర్చీలో ఒకామె వాంతి చేసుకుంటోంది, ఎవరో బేసిన్ తెమ్మని అరుస్తున్నారు. ఆవిడ చెవి అటుంది, చేతులు ఇటున్నాయి. కొత్త ప్లాస్టరు వేసి, చేతిమీద తట్టి, "వచ్చేసారి ఎడమ చెయ్యి" అంది.

అనేసి బేసిన్ కోసం పరుగెత్తింది.

తిరిగి చూసేసరికి ఇస్త్రీ బాబాయ్ గుమ్మం దాటుతున్నాడు. నడకలో ఏదో తేడా ఉంది, వచ్చినప్పటి నడక కాదు. గుమ్మం దగ్గర ఆగి, ఎడమచెయ్యి పైకెత్తి ఊపాడు. అప్పుడు తట్టింది ఆవిడకి, తన నోరు ఏమన్నదో.  పరుగెత్తి వెళ్లి ఆపొచ్చు. ఆటో ఇంకా వచ్చి ఉండదు. కానీ ఆపి ఏమని చెప్పాలి? బాబాయ్, వచ్చేసారి అన్నాను గానీ అది నీకు లేదు, అని వరండాలో అందరి ముందూ చెప్పాలా? డాక్టరమ్మ చెప్పింది కదా, ఆయనేం చంటిపిల్లాడా, నా అలవాటు మాట పట్టించుకుంటాడా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మనకి భయమేసినప్పుడు ఇలాంటి న్యాయాలు ఎంత తొందరగా దొరుకుతాయో!

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని మొగుడికి చెప్పింది.

"ఫోన్ చేసెయ్" అన్నాడాయన. "నంబరు ఉంటుందిగా? పొరపాటున అన్నాను, మీరు ప్రయాణం ఆపకండి అను. ఎంతసేపు?"

"ఎంతసేపా? నువ్వు చెయ్యి చూద్దాం."

"నేనెందుకు చేస్తాను? అన్నది నువ్వు."

కూతురు పళ్లెంలోంచి తలెత్తి ఇద్దర్నీ చూసి మళ్లీ దించేసుకుంది. మర్నాడు వార్డు ఫోను మీద రెండుసార్లు చెయ్యి వేసి తీసేసింది నరాల సిస్టర్. ఎల్లుండి అనుకున్న రోజు వచ్చింది, ఈపాటికి రైలెక్కేసి ఉంటారు అనుకుంది. ఎక్కి ఉంటారన్న నమ్మకం పెంచుకుంది. ఆ తర్వాత చెయ్యాల్సిన అవసరమే లేదని ఊరుకుంది. అంత చిన్న ఫోను చెయ్యలేకపోయిన మనిషి, ఎంత సన్ననరమైనా మొదటి పోటుకే పట్టుకునే మనిషి, ఒకరే.

మూడు వారాల తర్వాత, వంతు ప్రకారం రావాల్సిన రోజున, అటెండరు చక్రాల కుర్చీ తోసుకుంటూ గదిలోకొచ్చాడు. అందులో ఉన్నది ఇస్త్రీ బాబాయ్ అని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. మొహం పీక్కుపోయింది, కళ్లు పచ్చబడ్డాయి. ఎడమచేతికి తువ్వాలు చుట్టి ఉంది. మడత మీద మడత, అంచులు కలిసేలా ఇస్త్రీ చేసిన తువ్వాలు.

"చెయ్యి వెచ్చగా తెచ్చాను సిస్టర్" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. "దారిపొడుగునా చలి తగలకుండా తెచ్చాను. మీకు వేడినీళ్ల పని లేదు."

నరాల సిస్టర్ ఆయన పక్కనున్న భార్య వైపు చూసి, "పిన్నీ, మీ బావగారి దగ్గరికి..." అని ఆగిపోయింది.

"వెళ్లలేదు" అంది ఆవిడ. "టికెట్లు వెనక్కిచ్చేశాం. డాక్టరమ్మ చెప్పింది కదా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. వింటేనా? డాక్టర్లు అలాగే బెదరగొడతారంట. నరాల సిస్టర్ ఎడమ చెయ్యి అంది, ఆవిడ ఉత్తినే అనదు అన్నాడు. ఎడమ చెయ్యి అయ్యాక ఓపికొస్తుంది, అప్పుడు వెళ్దాం అన్నాడు. ఇన్నాళ్లూ మూటలు కూడా కుడిచేత్తోనే ఎత్తాడమ్మా, ఎడమచెయ్యి అరిగిపోతుందని భయపడి."

నరాల సిస్టర్ స్టూలు లాక్కుంది. ఈసారి పారిపోవడానికి ఏ పంపూ కూయలేదు. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, మాటలు కూడదీసుకుంది.

"బాబాయ్, మందు లేదు. డాక్టరమ్మ చెప్పిందే నిజం. నేను ఆరోజు అలవాటులో అనేశాను. నీతో అన్నానని కూడా నాకు తెలీదు, నోరు అనేసింది. తర్వాత తెలిసింది. తెలిసి కూడా ఫోన్ చెయ్యలేదు. నాదే తప్పు."

 ఇస్త్రీ బాబాయ్ తన తువ్వాలు వైపు చూశాడు.

"అలవాటా?" అన్నాడు. ఆపైన, ఆవిడ మొహం చూసి జాలిపడ్డాడేమో, నవ్వబోయాడు. "నేనూ అంతేలెండి. ఎవరొచ్చి బట్టలడిగినా సాయంత్రానికి ఇచ్చేస్తానంటాను. మూట విప్పి కూడా ఉండను."

"ఆయన నవ్వుతాడు" అంది భార్య. గట్టిగా అనలేదు. "నువ్వు ఒక్క మాట అన్నావమ్మా. ఆ మాట పట్టుకుని మేము కదలకుండా కూర్చున్నాం. ఇప్పుడు ఈ మనిషిని రైలు ఎలా ఎక్కించను?"

 నరాల సిస్టర్ లేచి పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ప్రయాణం మాట ఎత్తితే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఒళ్లు ఎండిపోయి ఉంది కాబట్టి ఒక సెలైను సీసా పెట్టమంది, అంతకుమించి చేసేదేం లేదంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని నరాల సిస్టర్‌కి అనిపించింది.

తిరిగొచ్చి తువ్వాలు విప్పింది. ఎడమచెయ్యి నిజంగానే వెచ్చగా ఉంది. ఒళ్లంతా ఎండిపోయినా మోచేతి కింద ఒక్క నరం నిండుగా, నీలంగా తేలి ఉంది. దాచిపెట్టుకొచ్చిన నరం. సూది మొదటి పోటుకే వెళ్లింది. వెళ్లినందుకు ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత ఏడుపొచ్చింది ఆవిడకి. సెలైను దిగుతున్నంతసేపూ ఆయన పక్కనే కూర్చుంది, ఎవరు పిలిచినా లేవలేదు. ఆయన ఆవిడ కాలరు వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. అయిపోయాక సూది తీసి, దూది అదిమి, ప్లాస్టరు వేసింది. చెయ్యి తట్టబోయి, తట్టకుండా పట్టుకుంది.

"పెట్టె అన్నయ్యకి పంపించెయ్యమని చెప్పాను" అన్నాడు ఆయన. "విసిరికొట్టే ఛాన్సు మాత్రం పోయింది పాపం ఆయనకి."

ఆ వారంలోనే పోయాడు.

అప్పట్నుంచి నరాల సిస్టర్ ఆ మాట మానేసింది. సూది తీసేది, దూది అదిమేది, ప్లాస్టరు వేసేది, అక్కడితో నోరు మూసుకునేది. ఏ చెయ్యో రోగి ముందు చెప్పకుండా కాగితంలో రాసుకునేది. దాంతో గది మొత్తం తలకిందులైంది. రోగులు లేచేవాళ్లు కాదు. ప్లాస్టరు వంక చూసుకుంటూ, ఆవిడ వంక చూస్తూ కూర్చునేవాళ్లు. ఒకాయన నాకేమైనా దాస్తున్నారా అని డాక్టరమ్మ గదికి వెళ్లి గొడవ పెట్టుకున్నాడు. ఒకామె ఇంటికెళ్లి మూడు పూటలు ముద్ద ముట్టలేదని కొడుకు వచ్చి చెప్పాడు. ఆవిడ మాట ఒకాయన్ని కట్టిపడేసింది, ఇప్పుడు ఆవిడ మౌనం అందర్నీ చంపుతోంది. ఎటు చూసినా దారి లేదు. పని మానేద్దామా అని కూడా అనుకుంది. మొగుడు జోకు వెయ్యడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బాబాయ్ భార్య గదికొచ్చింది. మిగిలిపోయిన నొప్పి మాత్రలు ఆసుపత్రికి తిరిగి ఇచ్చెయ్యాలి, అవి మత్తు మాత్రలు, ఇళ్లల్లో ఉంచకూడదు. వాటిని బల్లమీద పెట్టింది. భుజాన సంచి బరువుకి ఒంగిపోతోంది.

"రైలుకి వెళ్తున్నాను" అంది. "పెట్టె ఇచ్చేసి వస్తాను."

"కూర్చోండి పిన్నీ, మంచినీళ్లు తాగండి."

"వద్దు." ఆవిడ గుమ్మం వరకూ వెళ్లి వెనక్కి తిరిగింది. "నీ మీద కోపం పోలేదమ్మా నాకు. పోతే వచ్చి చెప్తాను."

నరాల సిస్టర్ తల ఊపింది. ఆవిడ వెళ్లిపోయింది. సంచిలోని ఇత్తడి పెట్టె గోడకి తగిలిన చప్పుడు వరండా మలుపు దాకా వినిపించింది.

కిటికీ పక్కన, ప్లాస్టర్లు అంటించిన కుర్చీలో లెక్కల టీచరు ఉంది. ఆమె సీసా అయిపోయింది, పంపు కూస్తోంది. నరాల సిస్టర్ వెళ్లి స్టూలు మీద కూర్చుని ఎడమచేతిలోంచి సూది తీసింది. దూది అదిమింది. ప్లాస్టరు వేసి లేవబోయింది. టీచరు ఆవిడ కోటు అంచు పట్టుకుంది.

"సిస్టర్, మీరు చెప్పలేదు."

"ఏంటమ్మా?"

"వచ్చేసారి ఏ చెయ్యో." టీచరు కోటు వదల్లేదు. "పోయినసారి కూడా చెప్పలేదు. నేను అడగలేదు. ఇంటికెళ్లి రోజూ రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాను. చెప్పండి. ఏదో ఒకటి చెప్పండి."

ఆమె స్కాను వచ్చే వారం. అందులో ఏముంటుందో డాక్టరమ్మకీ తెలీదు, నరాల సిస్టర్‌కీ తెలీదు. వరండాలో చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ మళ్లీ స్టూలు మీద కూర్చుంది. టీచరు కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, వేలికొసతో మోచేయి నుంచి మణికట్టు దాకా నరం వెంటే తడిమింది. ఒక్క తట్టు తట్టింది.

"వచ్చేసారి కుడి చెయ్యి" అంది.

టీచరు లేచి, చెప్పులేసుకుని, ఇంటికి వెళ్లింది.